చుట్టిన సకినం విప్పరాదు

నాకు కోపం ఎక్కువ అంటారు. ఎక్కువేం కాదు, ఉండాల్సినంతే ఉంది. చేతిలో పిండి ముద్ద ఉన్నప్పుడు ఎవరో పక్కన నిలబడి "గిట్ల జేస్తే ఇంకా మంచిగుంటది గదా" అంటే కోపం రాక నవ్వొస్తుందా? పదిహేనేళ్లుగా సిద్దిపేటలో పెళ్లిళ్లకు సకినాలు చేసిస్తున్నాను. మూడేళ్లుగా బియ్యం నానబెట్టేది నేనే, పిండి జల్లించేది నేనే, చుట్టేది, నూనెలో కాల్చేది, డబ్బాల్లో పేర్చేది అన్నీ నేనే. శ్రీవాణి సకినం అంటే అందులో ఇంకొకరి వేలు పడలేదని అర్థం.

సకినం చుట్టడం చూసినవాళ్లకు తెలుసు. పరిచిన నూలు బట్ట మీద, వేళ్ల మధ్య పిండిని మెలిపెడుతూ గుండ్రంగా వదలాలి. మెలిక తెగకూడదు, చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం ఉండకూడదు. చేతిరాతలాగే ఎవరి చుట్టు వారిదే. నాది నాలుగు చుట్లు, మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. మా అత్తమ్మ దుర్గవ్వకు ఎదురుగా కూర్చుని నేర్చుకున్నాను. ఆమె పోయి మూడేళ్లయింది. మా ఆయన నరేశ్ భివండీలో మరమగ్గాల మీద పనిచేస్తూ పండక్కో పబ్బానికో వస్తాడు. ఇక ఇంట్లో నేను, డిగ్రీ చదివే మా సంధ్య, పిండి.

"అమ్మా, నువ్వు చేసేది బిజినెస్ గాదు. నీకు నువ్వే కూలికి పోతున్నవ్" అంటుంది సంధ్య.

"మీ కాలేజీల గిదే చెప్తున్నరా?"

"గిదే చెప్తున్నరు. ఒక్కరి మీద నడిచే దుకాణం ఆ ఒక్కరికి జరమొస్తే బంద్ అయితది."

చెప్పి ఊరుకుంటే బాగుండేది. గజ్వేల్ మిఠాయి దుకాణం వాళ్లు వారానికి రెండు వేల సకినాలు కావాలని ఫోన్ చేస్తే, నన్ను అడక్కుండానే సరేనని చెప్పేసింది. నేను ఒక్కదాన్నే చేస్తే రోజుకు నూట యాభై దాటవు. ఆ రోజు అట్లకాడ ఎత్తాను గానీ కొట్టలేదు. కోపం దిగాక కూర్చుని ఆలోచించాను. అత్తమ్మ ఆ వెనక గదిలో, ఆ బట్ట మీద కూర్చునే ఒంటరిగా ప్రాణం విడిచింది. నా గతీ అంతేనేమో అన్న భయం ఎవరికీ చెప్పుకోలేదు గానీ, మోకాళ్లు నొప్పి పుట్టినప్పుడల్లా గుర్తొస్తుంది. ఈ పని నిలబడితే నా పక్కన నలుగురు మనుషులుంటారు. నిలబడకపోతే ఆ గది, ఆ బట్ట, నేను.

అట్లా మా గల్లీ నుంచే ఇద్దరిని కుదుర్చుకున్నాను. కొండవ్వ మా అత్తమ్మ కన్నా కొంచెం చిన్నది, అందుకే చిన్నత్తా అంటాను. బతుకంతా బీడీలు చుట్టిన వేళ్లు. రబియాబీ నాకంటే రెండేళ్లు చిన్న, బట్టలు కుట్టేది. రెడీమేడ్ వచ్చాక ఆమె మిషన్ మీద గుడ్డ కప్పేసింది. మొదటి రోజు రబియా చెప్పులు విడిచి నేరుగా లోపలికి వచ్చింది. కొండవ్వ మాత్రం వెనక గది గడప దగ్గర ఆగింది.

"ఈ ఇంట్ల సకినాలకు కూసోక నలభై ఏండ్లాయె" అంది. ఎందుకని నేను అడగలేదు. అడగాలని తోచలేదు, పిండి ఆరిపోతుందన్న తొందర.

ఆ పూటంతా వాళ్ల చేతుల వంకే చూస్తూ కూర్చున్నాను. కొండవ్వ చుట్టు బిగుతు, చివర తోక మిగులుతుంది. రబియాది వదులు, లావుగా ఉండి మూడు చుట్లకే ఆగిపోతుంది. నోరు తెరవకూడదని సంధ్య ఒట్టు పెట్టించుకుంది కాబట్టి తెరవలేదు. పళ్లు బిగబట్టి దవడలు నొప్పి పుట్టాయి. మధ్యాహ్నానికి బట్ట నిండింది. సకినాలు చుట్టిన వెంటనే నూనెలో వేయలేం, పిండిలోని తడిని బట్ట పీల్చుకునేదాకా గంటసేపు వదిలేయాలి.

"ఇగ ఇండ్లకు పోయి తినిరాండ్రి" అన్నాను.

కొండవ్వ నా మొహంలోకి ఒకసారి చూసి, చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. కూలి ఇస్తున్నాను, తిండి కూడా ఎందుకు పెట్టాలి అని నా లెక్క. నాకు వండుకున్నది నేను తిని, ముందు గదిలో మంచం మీద నడుం వాల్చాను.

వాళ్లు తిరిగొచ్చాక ముగ్గురం కలిసే వెనక గదిలోకి వెళ్లాం. బట్ట మీద రెండు వందల పైచిలుకు సకినాలు, అన్నీ నాలుగు చుట్లు, అన్నీ ఒకే లావు. తోక లేదు, వదులు లేదు.

"గివి నావి గావక్కా" అంది రబియా నెమ్మదిగా. "నేను మూడు చుట్లే చుట్టిన."

"ఆరితే అన్నీ ఒక్కతీరే కనవడుతయి" అన్నాను. నాలుక మీద ఏది వస్తే అది. నిజం చెప్పాలంటే భయం వేయలేదు, సంతోషం వేసింది. అంత అందమైన బట్టను ఒక్కదాన్నే ఎన్నడూ నింపలేకపోయాను. ఎట్లా జరిగిందో తెలుసుకోవాలని కూడా అనిపించలేదు, వచ్చిన లక్ష్మిని గోత్రం అడుగుతామా అనుకున్నాను.

నూనెలో వేసినప్పుడు మొదటిసారి ఒళ్లు జలదరించింది. కాగే నూనెలో పచ్చి పిండి పడితే సుయ్యిమనాలి. అవి చప్పుడు లేకుండా మునిగాయి. చుట్టూ బుడగలు లేచాయి, అవీ చప్పుడు చేయలేదు. రబియా చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది. పక్కింటి టీవీలో అంగడి ధరలు చదువుతున్న మాట మాకు స్పష్టంగా వినిపిస్తూనే ఉంది.

రెండో రోజూ అంతే. మూడో రోజు కొండవ్వ కాల్చడానికి కూర్చోలేదు. ఒక సకినాన్ని పళ్లెం మీదికి తీసుకుని, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, మధ్య నుంచి చివర దాకా వేలితో దారి పట్టింది.

"వాణీ, గిటు రా. నువ్వు చుడితే ఎటు తిరుగుతది?"

నేను గాలిలో చుట్టి చూపించాను.

"మరి గిది ఎటు తిరిగింది?"

అప్పుడు చూశాను. అన్నీ ఎదురు తిరిగి ఉన్నాయి. మూడు రోజులు చూసి మురిసినదాన్ని ఇది గమనించలేదు. బాగున్నదాన్ని ఎవరు తిరగేసి చూస్తారు?

"ఎడమ చేతి చుట్లు గివి" అంది కొండవ్వ. "ఈ గల్లీల ఎడమ చేత్తో చుట్టింది ఒక్క దుర్గవ్వనే."

తర్వాత కొండవ్వ గోడకు ఆనుకుని కూర్చుని నలభై ఏళ్ల కిందటి సంగతి చెప్పింది. అత్తమ్మ ఆడబిడ్డ పెళ్లికి గల్లీ ఆడవాళ్లు పదకొండు మంది ఇదే గదిలో సకినాలకు కూర్చున్నారట. బువ్వకు పిలిస్తే అందరూ లేచి వాకిట్లోకి వెళ్లారట, అత్తమ్మ ఒక్కతే లోపల ఉండిపోయింది. తిని వచ్చేసరికి పదకొండు మంది చుట్టినవీ విప్పేసి, మళ్లీ తన చుట్టు చుట్టి పెట్టింది.

"చుట్టిన సకినం విప్పరాదు బిడ్డా. చిన్న పోరి చుట్టిన వంకరదైనా నూనెల ఎయ్యవలసిందే. విప్పితే ఆ చుట్టినామె చెయ్యి విరగ్గొట్టినట్టే. మేం ఒక్క మాటనలే. చేతులు కడుక్కొని ఎల్లిపోయినం. ఆనాటి సంది ఆమె ఎవ్వల్ని పిల్వలే, మేము రాలే. చచ్చినంక నీళ్లు పొయ్యనీకే వచ్చిన నేను. ఎడమ చేతి యేళ్లు గిట్ల మలిసి ఉండె. విప్పుదామంటే రాలే, గట్లనే తీస్కపోయిన్రు."

ఇక్కడ నేను ఒకటి చెప్పుకోవాలి. అప్పటి దాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

సకినాలకు కూర్చున్నవాళ్లు మా దగ్గర తమంతట తాము లేవరు. ఆ పూట పొయ్యి చూసుకునే ఆడమనిషి వచ్చి "లేవండ్రి, బువ్వ తిందురు" అని పిలవాలి. పిలవకపోతే చీకటి పడినా చుడుతూనే ఉంటారు, అది మర్యాద. మూడేళ్ల కిందట ఆ రోజు పొద్దున నేను చుట్టిన ఎనభై సకినాలను అత్తమ్మ నా కళ్ల ముందే విప్పేసింది. పన్నెండేళ్లుగా చేస్తున్నదాన్ని, తిరిగే దిక్కు తప్ప నా చుట్టు ఆమె చుట్టులాగే ఉంటుంది, అయినా విప్పింది. నాకు మండింది. మధ్యాహ్నం వండుకుని నేను తిన్నాను. ఆమెను పిలవలేదు. పిలిస్తే నా పరువు పోతుందనుకున్నాను. వెనక గదిలో బట్ట మీద చెయ్యి కదులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఎప్పుడు ఆగిందో గమనించలేదు. నాలుగింటికి వెళ్లి చూస్తే గోడకు ఒరిగి ఉంది, చేతిలో పిండి ఎండిపోయింది. అన్నం తిన్నాకే ప్రాణం పోయిందని అందరికీ చెప్పాను.

కొండవ్వ ముందు కూడా ఆ పూట నోరు తెరవలేదు. రబియాయే ఉపాయం చెప్పింది. "అక్కా, ఆరేటప్పుడు గదిల ఎవ్వరు లేరు గదా. రేపు నేను కూసుంట. దయ్యమైనా మనిషైనా కండ్లతోని జూద్దాం."

నాలుగో రోజు కొండవ్వ ఇంటికి వెళ్లింది, రబియా వెనక గదిలో స్టూలు వేసుకుని కూర్చుంది. నేను ఎప్పటిలాగే ముందు గదిలో పడుకున్నాను. నిద్ర పట్టదనుకున్నాను గానీ తల దిండుకు ఆనిందో లేదో పట్టేసింది. కళ్లు తెరిచేసరికి నేను మంచం మీదే ఉన్నాను. రబియా గడపకు అవతల నిలబడి ఉంది. లోపలికి రావడం లేదు.

"చూసినవా?" అన్నాను.

"చూసిన."

"ఎవరు?"

"నువ్వే అక్కా. లేసి వచ్చినవ్. కండ్లు తెరిసే ఉన్నయి. నా ముంగటికెల్లే పోయి బట్ట మీద కూసున్నవ్. నేను చుట్టినయి ఒక్కొక్కటి విప్పినవ్. మూడుసార్లు పిలిసిన, ఇనలే. ఎడమ చేత్తోని చుట్టినవ్. నేను చూస్తనే ఉన్న, గంత జోరుగా మనిషి చెయ్యి తిరగది."

"నేనేమన్న మాట్లాడిన్నా?"

"ఒక్కటే మాట. ఇంకా ఎవ్వలు పిల్వలే, ఇంకా ఎవ్వలు పిల్వలే అనుకుంట. గొంతు నీది గాదు."

అబద్ధమని అరుద్దామని చెయ్యి ఎత్తాను. ఎడమ చేతి గోళ్ల సందుల్లో పిండి. నేను ఎడమ చేత్తో గ్లాసు కూడా పట్టుకోను. వేళ్లు లోపలికి మలిచి ఉన్నాయి, తెరవబోతే తెరుచుకోలేదు. కుడి చేత్తో పట్టి లాగితే ప్రాణం పోయింది. మూడు రోజులుగా ఆ చెయ్యి తిమ్మిరెక్కి కాసేపటికి సర్దుకుంటుంటే నీళ్లలో నానడం వల్ల అనుకున్నాను. ఆ రోజు పొద్దు గూకేదాకా సర్దుకోలేదు.

కొండవ్వ వచ్చి, విని, కొంగు బొడ్లో దోపుకుంది. "నేను రేపటి సంది రాను. ఒక్కసారి విప్పిచ్చుకున్న చెయ్యి ఇది, మళ్లొక్కసారి విప్పిచ్చుకోను. సచ్చినామె విప్పితేంది, నువ్వు విప్పితేంది, నాకొక్కటే."

"పోతే పోండ్రి" అన్నాను. నా కోపం సంగతి తెలిసిందే కదా. "మీరు లేకుంటే నాకు నడవదా? నేనే చేస్కుంట. ఒక్కదాన్నే చేస్కుంట."

అన్నాక ఆ మాట నాకే వినిపించింది. ఒక్కదాన్నే చేస్కుంట. నేను కోడలుగా వచ్చిన రోజు నుంచి అత్తమ్మ నోట విన్న మాట, అదే విసురు. నిద్రపోయినప్పుడు నా చెయ్యి విప్పిందేమో గానీ, పగలంతా పళ్లు బిగబట్టుకుని విప్పాలని చూసింది నేనే. ఆమెకు తలుపు తీసింది నేనే. గడప మీద కూలబడ్డాను. నాకు ఏడుపు తొందరగా రాదు, వచ్చిందంటే ఆగదు. ఆ రోజు పిలవని సంగతి అంతా చెప్పేశాను. ఆమె తినలేదని, నేను తిన్నానని, ఆమె చెయ్యి చప్పుడు వింటూనే తిన్నానని.

రబియా పక్కన కూర్చుని నా వీపు నిమిరింది. కొండవ్వ నన్ను చూడలేదు. వంటింట్లోకి వెళ్లి గిన్నె మూత తీసి చూసి వచ్చింది.

"రోజు గింతే వండుకుంటవా? ఒక్క మనిషికి?"

తల ఊపాను.

"రేపు ఎసరు ఎక్కువ పెట్టు" అని వెళ్లిపోయింది.

మరునాడు తెల్లారే వచ్చారు ఇద్దరూ. సంధ్య కాలేజీకి పోయింది, దానికి ఏమీ చెప్పలేదు. రబియా ఇంటి నుంచి గిన్నెడు ఖట్టా దాల్, అదే పుల్లటి పప్పు, తెచ్చి వంటింట్లో పెట్టింది. బట్ట పరిచాం, చుట్టాం. ఎవరి చుట్టు వారిదే. పన్నెండు దాటుతుండగా కొండవ్వ లేచి, పొయ్యి మీది బువ్వ దించి వచ్చి గడప దగ్గర నిలబడింది, రబియా నా ఎదురుగా ఉండిపోయింది. నేను పడుకోనని ముందే చెప్పాను. ఏం జరిగినా మెలకువతో చూస్తానన్నాను.

ఎక్కువసేపు పట్టలేదు. మొదట భుజం చల్లబడింది, బావి గట్టుకు ఆనుకున్నట్టు. తర్వాత నా ఎడమ చెయ్యి నా ఒడిలోంచి లేచింది. నేను లేపలేదు. చూస్తుండగానే అది రబియా చుట్టిన సకినం దగ్గరికి వెళ్లి, చివర పట్టుకుని విప్పడం మొదలుపెట్టింది. కుడి చేత్తో పట్టుకుని ఆపబోయాను. ఆగలేదు. ఆ చేతికి నా బలమంతా తెలుసు, నాకు దాని బలం తెలియదు.

రబియా తన సకినం విడిపోతుంటే చూస్తూ కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చెయ్యి అడ్డం పెట్టలేదు.

"అత్తమ్మా" అన్నాను. "లే అత్తమ్మా, బువ్వ తిందువు."

చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ విప్పసాగింది. నా పెదవులు వాటంతట అవే కదిలి, ఇంకా ఎవ్వలు పిల్వలే అన్నాయి. నా పిలుపు ఆమెకు పిలుపు కాదు. మూడేళ్లు ఆలస్యంగా, చేతిని వదిలించుకోవడానికి పిలిచిన పిలుపు అది. నేనైనా లేచేదాన్ని కాను.

పదిహేనేళ్లలో ఎవరితోనూ అనని మాట అప్పుడు అన్నాను. "చిన్నత్తా, నాతోని అయితలేదు. నువ్వు పిలువు."

కొండవ్వ కదల్లేదు. పిలవదేమో అనుకున్నాను. నలభై ఏళ్ల కిందట విరిగిన చెయ్యి ఆమెది, పిలవకపోయినా తప్పు పట్టేవాళ్లు లేరు. చెయ్యి రబియా సకినాన్ని రెండో చుట్టు దాకా విప్పింది. అప్పుడు కొండవ్వ గడప దాటి వచ్చి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మెల్లగా బట్ట అంచున కూర్చుంది. నా వంక చూడలేదు. నాకు కొంచెం ఎడమ పక్కన, గోడ దగ్గర, ఎవరో ఉన్నట్టు అటే చూసింది.

"దుర్గవ్వ వదినె" అంది. "మస్తు చుట్టినవ్. చాలు ఇగ. మిగిలినయి మేం చుడుతం, వంకరొస్తే వంకరొస్తది. లే. అందరం కూసున్నం, బువ్వ తిందువు రా."

చెయ్యి ఆగింది. చిటికెన వేలు మొదట విచ్చుకుంది, తర్వాత మిగతావి ఒక్కొక్కటే. అరచేయి వెల్లకిలా పడి, బట్ట మీద అట్లా ఉండిపోయింది. భుజం మీది చల్లదనం లేచింది. లేచి నా వెనక నుంచి వంటింటి వైపు పోయిందని చెబితే నమ్మరు, కానీ రబియా కళ్లు అటే తిరిగాయి.

సగం విప్పిన సకినాన్ని సరిచేద్దామని నా కుడి చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది. కొండవ్వ చూసింది. వెనక్కి తీసుకున్నాను.

వంటింట్లో రబియా కంచాలు పరిచింది. మేం ముగ్గురం, ఆమె పెట్టింది నాలుగు. ఎవరికని నేను అడగలేదు. కొండవ్వ మొదట ఆ నాలుగో కంచంలోనే అన్నం పెట్టి, దాల్ పోసి, నీళ్ల గ్లాసు ఎడమ చేతి వైపు జరిపింది. ఆ తర్వాత మాకు పెట్టింది. ఆకలి ఎంతుందో మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే తెలిసింది, ఏడుస్తూనే తిన్నాను. రబియా ముగించింది, కొండవ్వ ముగించింది, నేనూ ముగించాను. ఎంగిలి చేతులు ఆరిపోతున్నాయి. బంతిలో ఒకరు ఇంకా తింటుండగా మిగతావాళ్లు లేవకూడదంటారు. ఆ కంచం ఖాళీ అయ్యేదాకా మేం ముగ్గురం లేవలేదు.